నిర్ణయాధికారంలో, శాంతి చర్చల్లో మహిళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరు కూర్చుంటే ఏముంది, నిర్ణయం మంచిదైతే చాలదా?

ఆ నిర్ణయం మంచిదో కాదో చెప్పేది ఎవరు? జనాభాలో సగం మందిని బయట ఉంచి చేసిన నిర్ణయానికి మార్కులు వేసేది కూడా ఆ చేసినవాళ్లే అవుతారు. పన్ను ఎవరి మీద వెయ్యాలి, ఆస్పత్రి ఎక్కడ కట్టాలి, యుద్ధం ఎప్పుడు ఆపాలి, పారిపోయినవాళ్ల భూములు ఎవరికి దక్కాలి అన్న నిర్ణయాల బరువు ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా పడుతుంది గానీ ఒకేలా పడదు. యుద్ధంలో భర్త ఆచూకీ లేకుండా పోయిన మనిషిని తీసుకోండి. చనిపోయాడని కాగితం లేదు కాబట్టి ఆమె వితంతువు కాదు, పెన్షన్ రాదు. భూమి అతని పేరే ఉంది కాబట్టి అమ్మలేదు, దాని మీద అప్పూ పుట్టదు. సాయుధ వర్గాల నాయకులు రాసుకునే చర్చాంశాల జాబితాలో ఇది చివర్న కూడా ఉండదు. ఆమెకు మాత్రం శాంతి అంటే ముందు ఇది తేలడమే.

ఇంకో మాట. ఇది హక్కు. మహిళల పట్ల వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒడంబడిక (సీడా) 7వ అధికరణ ఓటు వెయ్యడం, పోటీ చెయ్యడంతో పాటు ప్రభుత్వ విధానాల రూపకల్పనలో పాల్గొనే హక్కునూ చెబుతుంది. 8వ అధికరణ దేశం తరఫున అంతర్జాతీయ స్థాయిలో మాట్లాడే అవకాశం గురించి. ‘మహిళలు వస్తే లాభమేంటో చూపించండి, అప్పుడు చోటిస్తాం’ అనడం అన్యాయం. అలాంటి రుజువు మగవాళ్లను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ప్రపంచంలో పరిస్థితి ఎలా ఉంది?

అంతర పార్లమెంటరీ సమాఖ్య లెక్కల ప్రకారం 1995లో ప్రపంచ పార్లమెంటు సభ్యుల్లో మహిళలు 11.3 శాతం. 2025 మొదట్లో 27.2 శాతం. ముప్పై ఏళ్లలో దాదాపు పదహారు శాతం పాయింట్లు పెరిగిందన్నమాట. ఈ మధ్య ఆ పెరుగుదల కూడా బాగా నెమ్మదించింది. మంత్రుల్లో మహిళలు 23 శాతానికి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లలోనూ ఎక్కువ మందికి దక్కేవి మహిళా శిశు సంక్షేమం, సామాజిక వ్యవహారాల శాఖలే. రక్షణ, ఆర్థికం, హోం లాంటివి అరుదు.

శాంతి చర్చల్లో అంకెలు ఇంకా చిన్నవి. 1992 నుంచి 2019 వరకు జరిగిన ప్రధాన శాంతి ప్రక్రియల్లో చర్చలు జరిపిన ప్రతినిధుల్లో మహిళలు సగటున 13 శాతం, మధ్యవర్తుల్లో 6 శాతం, సంతకం చేసినవాళ్లలో 6 శాతం. బోస్నియా యుద్ధాన్ని ముగించిన 1995 నాటి డేటన్ ఒప్పందం మీద ఒక్క మహిళ సంతకమూ లేదు. సామూహిక అత్యాచారాలను ఆయుధంగా వాడుకున్న యుద్ధం అది.

ఓటు హక్కు వచ్చి ఇన్నాళ్లయింది కదా, ఇంకా ఇంత తక్కువ ఎందుకు?

ఓటు వెయ్యనివ్వడం వేరు, టికెట్ ఇవ్వడం వేరు. న్యూజిలాండ్‌లో మహిళలకు 1893లోనే ఓటు వచ్చింది, పార్లమెంటుకు పోటీ చేసే హక్కు మాత్రం 1919 దాకా రాలేదు. ఫిన్లాండ్ 1906లో రెండూ ఒకేసారి ఇచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లోనే 19 మంది మహిళలు గెలిచారు. తేడా ఎక్కడుందో ఈ రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో మహిళలకు ఓటు వచ్చింది 1971లో అంటే చాలామంది నమ్మరు.

ఇప్పటి అడ్డంకి చట్టంలో కంటే పార్టీ ఆఫీసులో ఎక్కువ. అభ్యర్థిని ఖరారు చేసేది నలుగురైదుగురు. వాళ్లు చూసేది ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరి వెనక జనం ఉన్నారు, ఎవరు అర్ధరాత్రి మీటింగులకు వస్తారు అని. ఇంటి పని, పిల్లల పని, ముసలివాళ్ల పని నెత్తిన ఉన్న మనిషి ఆ పరుగులో వెనకబడుతుంది. ‘గెలవగలదా’ అన్న అనుమానం ఆమె మీద ముందే ఉంటుంది, ఆ అనుమానంతోనే ఓడిపోయే సీటు ఇస్తారు, ఓడిపోయాక ‘చెప్పాం కదా’ అంటారు.

ఎన్నికల పద్ధతి కూడా ముఖ్యమే. ఒక నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే చోట పార్టీ ఒక్క పేరే ఎంచుకోవాలి, ఆ ఒక్కటీ సాధారణంగా మగ పేరే అవుతుంది. పార్టీ ఒక జాబితా ఇచ్చి, వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు తీసుకునే చోట మొత్తం మగ పేర్లతో జాబితా ఇవ్వడం కాస్త సిగ్గుగా ఉంటుంది. అందుకే అక్కడ అంకెలు త్వరగా పెరిగాయి.

కోటా అంటే అన్నిచోట్లా ఒకటేనా?

కాదు. స్థూలంగా మూడు రకాలున్నాయి. సీట్లనే మహిళలకు కేటాయించడం ఒకటి. రువాండా దిగువ సభలో 80 సీట్లలో 24 అలా కేటాయించినవే. భారతదేశంలో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు కేటాయించింది. లోక్‌సభకు, శాసనసభలకు అదే వర్తింపజేస్తూ 2023లో వచ్చిన 106వ సవరణ మాత్రం అమలును జనగణనతో, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టింది. 2024లో లోక్‌సభకు గెలిచిన మహిళలు 543 మందిలో 74 మంది.

రెండోది అభ్యర్థుల కోటా. ఇన్ని టికెట్లు మహిళలకే ఇవ్వాలని పార్టీలను చట్టం కట్టడి చేస్తుంది. 1991లో అర్జెంటీనా దీనికి దారి చూపింది. 30 శాతం అని ఊరుకోకుండా, గెలిచే అవకాశమున్న స్థానాల్లో ఉండాలని కూడా రాసింది. ఆ ఒక్క షరతే దాని బలం.

మూడోది పార్టీలు తమంతట తాము పెట్టుకునే నియమం. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ 1994 ఎన్నికలకు ఇలాగే 30 శాతం పెట్టుకుంది. నాయకత్వం మారితే ఇలాంటి నియమాలకు గ్యారంటీ ఉండదు.

పార్టీలు కోటాను తప్పించుకోవా?

తప్పించుకుంటాయి, చాలా తెలివిగా. ఫ్రాన్స్ 2000లో సగం సగం చట్టం తెచ్చింది. పాటించని పార్టీలకు ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో కోత. పెద్ద పార్టీలు ఆ కోత భరించడానికే సిద్ధపడ్డాయి. 2002లో దిగువ సభకు ఎన్నికైన మహిళలు 12 శాతం దగ్గరే ఆగిపోయారు.

మెక్సికోలో జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యామ్నాయ అభ్యర్థి ఉంటారు. సభ్యులు తప్పుకుంటే ఆ సీట్లో వాళ్లు కూర్చుంటారు. 2009లో కొన్ని పార్టీలు కోటా నింపడానికి మహిళలను నిలబెట్టి, వాళ్లకు ప్రత్యామ్నాయంగా మగవాళ్లను పెట్టాయి. మహిళలు గెలిచారు, ప్రమాణం చేశారు, ఆ వెంటనే సెలవు పెట్టి పక్కకు తప్పుకున్నారు. వాళ్ల సీట్లలోకి మగవాళ్లు వచ్చారు. అదీ అక్కడితో ఆగలేదు, మహిళలు ఊరుకోలేదు. పార్టీలకు అతీతంగా ఒక్కటై కోర్టుకెళ్లారు. మహిళా అభ్యర్థికి ప్రత్యామ్నాయం కూడా మహిళే ఉండాలని 2011లో ఎన్నికల ట్రిబ్యునల్ తేల్చింది. 2014లో అభ్యర్థిత్వాల్లో సమానత్వం రాజ్యాంగంలోకి వచ్చింది. ఓడిపోయే నియోజకవర్గాలు మాత్రమే మహిళలకు అంటగట్టకూడదన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. 2019లో మూడు ప్రభుత్వ విభాగాలకూ సమానత్వ సూత్రాన్ని వర్తింపజేశారు. ఇప్పుడు అక్కడి దిగువ సభలో సగం మంది మహిళలే. ఒక్కో సందూ మూసుకుంటూ వచ్చిన చట్టం ఇది. కోటా చట్టం రాసే ఎవరైనా మొదట చదవాల్సింది మెక్సికో చరిత్రే అని నా అభిప్రాయం.

నేపాల్‌లో ఇంకో రకం. 2017 స్థానిక ఎన్నికల్లో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండింటికీ పోటీ చేసే పార్టీ వాటిలో ఒకటి మహిళకు ఇవ్వాలన్నారు. ఏది ఇవ్వాలో చెప్పలేదు. ఊహించినట్టే అత్యధిక చోట్ల మహిళలకు దక్కింది ‘ఉప’ పదవే.

కోటాలో గెలిచినవాళ్లు డమ్మీలే కదా? వెనకుండి నడిపేది భర్తో, తండ్రో కదా?

కొన్నిచోట్ల నిజం. ఆ మాట దాచిపెట్టాల్సిన పనిలేదు. మీటింగుకి ఆమె బదులు భర్త వెళ్లడం, సంతకం మాత్రమే ఆమెతో పెట్టించడం జరుగుతోంది. దానికి మందు ఆమెను తీసెయ్యడం కాదు, అతన్ని బయటికి పంపడం. సమావేశంలో ఎన్నికైనవాళ్లు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదన్న నిబంధనను గట్టిగా అమలు చేస్తే సగం సమస్య పోతుంది. రెండో పదవీకాలానికి వచ్చేసరికి ఫైలు చదవడం, అధికారిని నిలదీయడం అలవాటైపోతుంది. అందుకే ఒక్క పదవీకాలంతో సీటు మారిపోయే పద్ధతి మహిళలకు నష్టం. పని నేర్చుకునేసరికి గడువు అయిపోతుంది.

ఇంకోటి గమనించండి. తండ్రి పేరుతోనో, మామ డబ్బుతోనో గెలిచిన మగ నాయకుణ్ణి ‘వారసుడు’ అంటారు, డమ్మీ అనరు.

మహిళలు ఉంటే నిర్ణయాలు నిజంగా మారతాయా?

దీని మీద మంచి ఆధారం దొరికింది భారతదేశంలోనే. ఏ పంచాయతీ మహిళకు రిజర్వ్ అవ్వాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమయ్యే చోట, రిజర్వ్ అయినవాటినీ కానివాటినీ నిజాయితీగా పోల్చవచ్చు. రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో అదే చేసి 2004లో ప్రచురించారు. రెండు చోట్లా గ్రామ మహిళలు ఎక్కువగా అడిగింది తాగునీరు. మహిళా సర్పంచులున్న పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయి. బీర్భూమ్‌లోనే తర్వాత జరిగిన మరో అధ్యయనంలో, వరుసగా రెండుసార్లు మహిళా నాయకత్వం చూసిన ఊళ్లలో ఆడపిల్లల చదువు గురించి తల్లిదండ్రుల ఆశలు, ఆ పిల్లల సొంత ఆశలు కూడా పెరిగినట్టు తేలింది.

ఒక మహిళ ప్రధాని అయితే చాలదా?

చాలదు. 1960లో శ్రీలంకలో సిరిమావో బండారనాయకే ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని అయ్యారు. ఆ దేశ పార్లమెంటులో మహిళలు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఐదారు శాతం దాటలేదు. ఒక్కరు పైకి వెళ్లడం వేరు, తలుపు తెరుచుకోవడం వేరు. నార్వేలో 1986లో గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ ప్రధానిగా 18 మంది మంత్రివర్గంలో 8 మంది మహిళలు ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వానికీ ఆ లెక్క బాగా తగ్గించే ధైర్యం రాలేదు.

రువాండాలో 60 శాతం దాటారట. అక్కడ అంతా బాగున్నట్టేనా?

2008లో రువాండా దిగువ సభలో మహిళలు సగం దాటారు. చరిత్రలో అదే మొదటిసారి. 2024లో 80 మందిలో 51 మంది మహిళలు. వారసత్వంలో, భూమి హక్కుల్లో మంచి చట్టాలు వచ్చాయి, వాటి వెనక మహిళల ఒత్తిడి ఉంది. అదే సమయంలో దేశంలో అసలు అధికారం అధ్యక్షుడు పాల్ కగామే చేతిలో ఉంది, ప్రతిపక్షానికి ఊపిరాడదు. కీలక నిర్ణయాలు పార్లమెంటులో జరగని చోట ఆ పార్లమెంటులో ఎంతమంది మహిళలున్నా వాళ్ల మాటకు ఆ మేరకే విలువ. ఎంతమంది ఉన్నారని అడిగాక, ఆ సభ మాట ఎంతవరకు చెల్లుతుందని కూడా అడగాలి.

1325 తీర్మానం అని తరచూ వింటాం. అదేంటి?

2000 అక్టోబర్ 31న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. అప్పుడు మండలికి నమీబియా అధ్యక్షత వహిస్తోంది. యుద్ధాల నివారణ, చర్చలు, పునర్నిర్మాణం అన్నిటిలోనూ అన్ని స్థాయిల్లో మహిళల భాగస్వామ్యం పెంచాలని, యుద్ధ సమయంలో లైంగిక హింస నుంచి రక్షించాలని చెబుతుంది. దాని తర్వాత ఇదే విషయం మీద 2019 వరకు ఇంకో తొమ్మిది తీర్మానాలు వచ్చాయి. వందకు పైగా దేశాలు జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. 2005లో మొదట రాసింది డెన్మార్క్.

ఈ ఆలోచన 2000లో పుట్టిందనుకుంటే పొరపాటు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే, 1915 ఏప్రిల్‌లో, ఇరుపక్షాల దేశాల నుంచీ, తటస్థ దేశాల నుంచీ వెయ్యిమందికి పైగా మహిళలు హేగ్‌లో సమావేశమై మధ్యవర్తిత్వంతో యుద్ధం ఆపమని తీర్మానించారు. ప్రభుత్వాధినేతల దగ్గరికి రాయబారాలు పంపారు. వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు, యుద్ధం ఇంకో మూడేళ్లు సాగింది.

1325లో లోపం ఒక్కటే: పాటించకపోతే ఏమవుతుందో అందులో లేదు.

శాంతి చర్చలకు ఎవరు వెళ్లాలో ఎవరు తేలుస్తారు? మహిళలు ఎందుకు ఉండరు?

చాలా సందర్భాల్లో తుపాకీ ఉన్నవాళ్లే తేలుస్తారు. కాల్పులు ఆపగలిగేది వాళ్లు కాబట్టి వాళ్లను పిలుస్తారు. ఒకవైపు ప్రభుత్వం, సైన్యం. మరోవైపు సాయుధ సంస్థ పై కమిటీ. రెండు చోట్లా పైన మగవాళ్లే. కాబట్టి చర్చలకూ మగవాళ్లే వస్తారు. యుద్ధమంతా నీళ్లు, తిండి, మందులు అందించి, తప్పిపోయినవాళ్ల కోసం ఒక చెక్‌పోస్టు నుంచి ఇంకో చెక్‌పోస్టుకి తిరిగి, రెండు వైపుల అధికారులతోనూ మాట్లాడి బతిమాలిన ఆడవాళ్లు ‘ఏ పక్షం వాళ్లూ కారు’ కాబట్టి వాళ్లకు కుర్చీ ఉండదు.

సొమాలియా మహిళలకు ఇది మరీ విచిత్రంగా ఎదురైంది. అంతర్యుద్ధం ముగించడానికి 2000లో పొరుగు దేశం జిబౌతీలోని ఆర్తా పట్టణంలో జరిగిన చర్చల్లో ప్రాతినిధ్యం తెగల లెక్కన. పెళ్లయిన స్త్రీ పుట్టింటి తెగకూ పూర్తిగా సొంతం కాదు, అత్తింటి తెగకూ కాదు. ఆమెను ఎవరి జాబితాలో రాయాలన్నా ఇంకెవరి పక్షమో అన్న అనుమానమే. అక్కడ నాలుగు పెద్ద తెగలు, చిన్న తెగలన్నీ కలిపి ఐదో జట్టు. ఆషా హాజీ ఎల్మీ అనే సొమాలీ మహిళ, ఆమె తోటివాళ్లు ‘మేం ఆరో తెగ’ అని ప్రకటించుకున్నారు. ఆ పేరుతోనే చర్చల్లో కూర్చున్నారు, తాత్కాలిక పార్లమెంటులో మహిళలకు సీట్లు సాధించుకున్నారు. వాళ్లను బయట ఉంచిన నియమంతోనే లోపలికి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గొప్పగా అనిపిస్తుంది.

మరి మిగతా చోట్ల మహిళలు లోపలికి ఎలా వెళ్లారు?

ఒక్కోచోట ఒక్కోలా. ఉత్తర ఐర్లాండ్‌లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య ఏళ్ల తరబడి సాగిన హింసను ఆపే చర్చలకు 1996లో ప్రతినిధులను ఎన్నికల ద్వారా పంపాలన్నారు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి పది పార్టీలకు అదనంగా రెండేసి సీట్లు. ఆ లెక్క చూసి మహిళా సంఘాలవాళ్లు కొద్ది వారాల్లోనే ఉత్తర ఐర్లాండ్ మహిళా కూటమి అని పార్టీ పెట్టేశారు. ఓట్లు ఒక్క శాతమే వచ్చాయి, కానీ మొదటి పదిలో నిలిచారు. క్యాథలిక్ కుటుంబం నుంచి మోనికా మెక్‌విలియమ్స్, ప్రొటెస్టెంట్ వర్గం నుంచి పెర్ల్ సేగర్ ఆ రెండు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లు మాట్లాడుతుంటే కొందరు సభ్యులు ఆవుల్లా అరిచి ఎగతాళి చేశారు. మహిళా కూటమివాళ్లు అలా అన్నవాళ్ల పేర్లనూ, ఆ మాటలనూ బోర్డు మీద రాసి పెట్టారు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్‌ఫ్రైడే ఒప్పందంలో బాధితుల గురించి, రెండు వర్గాల పిల్లలు కలిసి చదివే బడుల గురించి, కలిసి ఉండే ఇళ్ల గురించి, రాజకీయాల్లో మహిళల సమాన భాగస్వామ్యం గురించి మాటలున్నాయంటే వాళ్ల పట్టుదలే ప్రధాన కారణం.

లైబీరియాలో లోపలికి రానివ్వలేదు. అందుకని బయటికి పోనివ్వలేదు. 2003లో లేమా బోవీ నాయకత్వంలో క్రైస్తవ, ముస్లిం మహిళలు కలిసి అంతర్యుద్ధం ఆపమంటూ తెల్లబట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో రోడ్డు పక్కన మైదానంలో రోజూ ఎండలో, వానలో కూర్చున్నారు. అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌ను చర్చలకు ఒప్పించారు. ఘనాలో చర్చలు మొదలయ్యాక అక్కడికీ వెళ్లారు. వారాలు గడిచాయి. ప్రతినిధులు హోటళ్లలో ఉంటూ ఏ పదవి ఎవరికని బేరాలాడుతున్నారు, ఇక్కడ మన్రోవియా మీద గుళ్లు పడుతున్నాయి. జూలైలో ఒకరోజు ఆ మహిళలు హాలు తలుపు ముందు చేతులు పెనవేసుకుని కూర్చున్నారు, తేల్చేదాకా ఎవరూ బయటికి రావద్దన్నారు. అరెస్టు చెయ్యడానికి భద్రతా సిబ్బంది వస్తే లేమా బోవీ తన బట్టలు విప్పెయ్యబోయింది. తల్లి వయసు స్త్రీ అలా చెయ్యడం చూసినవాళ్లకు శాపమని పశ్చిమ ఆఫ్రికాలో నమ్మకం. సిబ్బంది వెనక్కి తగ్గారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ దేశాధినేత అబ్దుల్‌సలామీ అబూబకర్ బయటికొచ్చి వాళ్లతో మాట్లాడారు. ఆగస్టు 11న టేలర్ దిగిపోయాడు, 18న ఒప్పందం కుదిరింది. 2005 అధ్యక్ష ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అనే మహిళ గెలిచారు.

కొలంబియాలో 2012లో ప్రభుత్వానికీ, ఫార్క్ అనే సాయుధ తిరుగుబాటు సంస్థకూ మధ్య చర్చలు మొదలైనప్పుడు ప్రభుత్వ ప్రధాన ప్రతినిధుల్లో ఒక్క మహిళ లేదు. 2013 అక్టోబర్‌లో మహిళా సంఘాలు బొగోటాలో జాతీయ సదస్సు పెట్టాక నెల తిరక్కుండా ఇద్దరిని నియమించారు. 2014లో రెండు పక్షాల నుంచీ సభ్యులతో ప్రత్యేక ఉపసంఘం వచ్చింది. ఒప్పందంలోని ప్రతి అధ్యాయాన్నీ మహిళల కోణంలో చూడటమే దాని పని. ఇక ఫిలిప్పీన్స్‌లో మిరియం కొరొనెల్ ఫెర్రర్ ప్రభుత్వ బృందానికే నాయకత్వం వహించి, 2014 మార్చి 27న దక్షిణ ప్రాంతపు ముస్లిం తిరుగుబాటుదారులతో కుదిరిన బాంగ్సమోరో ఒప్పందం మీద ప్రధాన ప్రతినిధి హోదాలో సంతకం చేశారు.

మహిళలుంటే శాంతి ఎక్కువ కాలం నిలుస్తుందంటారు. నిజమా?

1989 నుంచి 2011 వరకు 42 యుద్ధాల్లో కుదిరిన 82 ఒప్పందాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మహిళలు సంతకం చేసిన ఒప్పందాల్లో సామాజిక, రాజకీయ సంస్కరణలకు సంబంధించిన అంశాలు ఎక్కువున్నాయని, అవి ఎక్కువగా అమలయ్యాయని, ఆ శాంతి ఎక్కువ కాలం నిలిచిందని అందులో తేలింది. లోపల కూర్చున్న మహిళలకూ బయట ఉన్న మహిళా సంఘాలకూ మధ్య సంబంధాలే దీనికి కారణమని ఆ పరిశోధకులు చెప్పారు.

‘మహిళలుంటే ఒప్పందం 15 ఏళ్లు నిలిచే అవకాశం 35 శాతం ఎక్కువ’ అన్న వాక్యం ప్రతి ఉపన్యాసంలో వినిపిస్తుంది. ఆ అంకెను నేను జాగ్రత్తగానే వాడతాను. మహిళలు సంతకం చేసిన ఒప్పందాలే చాలా తక్కువ. పైగా మహిళలను రానిచ్చే దేశాల్లో సమాజం ముందే కొంత బలంగా ఉండవచ్చు. నలభై ప్రక్రియలను లోతుగా చూసిన మరో పరిశోధన చెప్పింది నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది: కుర్చీల సంఖ్య ఒక్కటే ఫలితం మార్చలేదు, మహిళలు చర్చను ప్రభావితం చెయ్యగలిగిన చోట మాత్రం దాదాపు ప్రతిసారీ ఒప్పందం కుదిరింది.

పరిశీలకులుగానో, సలహా మండలిగానో పిలిస్తే సరిపోదా?

ఏమీ లేనిదానికంటే నయం, అంతే. సిరియా చర్చలకు 2016లో ఐక్యరాజ్యసమితి రాయబారి మహిళా సలహా మండలి ఏర్పాటు చేశారు. వాళ్లు రాయబారికి సలహా ఇవ్వగలరు. చర్చాంశాల్లో ఒకటి చేర్చలేరు, ఒకటి తీసెయ్యలేరు, సంతకం పెట్టలేరు. ప్రతినిధి బృందాలకైతే ‘మహిళల సంగతి ఆ మండలి చూసుకుంటుంది’ అని తప్పించుకునే వీలు దొరికింది. ఎన్నో దేశాల మహిళా సంఘాలకు ఇదే అనుభవం.

దక్షిణాఫ్రికా 1993లో ఇంకో దారి ఎంచుకుంది. రాజ్యాంగ చర్చల్లో ప్రతి పార్టీ పంపే ప్రతినిధుల్లో ఒక మహిళ ఉండి తీరాలని నియమం పెట్టారు. పక్క గది కాదు, అదే గది. మహిళా సంఘాలన్నీ 1992లో ఒకే కూటమిగా ఏర్పడి ఒత్తిడి తెస్తేనే అది సాధ్యమైంది.

మహిళలందరి అభిప్రాయం ఒకటే కాదు కదా? ఎవరిని పిలవాలి?

ఒకటే కాదు. ఎందుకు ఉండాలి? మగ ప్రతినిధులంతా ఒకే మాట మీద ఉంటే చర్చలే అక్కర్లేదు. సాయుధ పోరాటంలో ఉన్న మహిళలు ఉంటారు, సైనికుల భార్యలు ఉంటారు, శిబిరాల్లో ఉన్నవాళ్లు ఉంటారు. రాజధానిలో ఇంగ్లిష్ మాట్లాడే సంస్థలవాళ్లను మాత్రమే పిలిచి అయిపోయిందనుకోవడం చాలాసార్లు జరిగే తప్పు. కానీ ‘వాళ్లలో వాళ్లకే పొసగదు’ అని సాకు చెప్పి ఎవరినీ పిలవకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ముందు కాల్పులు ఆగనివ్వండి, మహిళల సంగతి తర్వాత చూద్దాం అంటారు. తప్పేముంది?

ఆ తర్వాత అనేది రాదు. కాల్పుల విరమణలోనే ఎవరు పోలీసులవుతారు, ఎవరికి క్షమాభిక్ష, ఏ దారులు తెరవాలి, పర్యవేక్షణ ఎవరిది అన్నవి తేలిపోతాయి. అత్యాచారాలకు క్షమాభిక్ష ఉండాలా వద్దా అన్నది మొదటి కాగితంలోనే రాసుకునే విషయం. ఒకసారి రాశాక దాన్ని తెరవడానికి ఎవరూ ఒప్పుకోరు.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ ఒప్పందం కుదిరినప్పుడు ఆఫ్ఘన్ ప్రభుత్వమూ లేదు, ఆఫ్ఘన్ మహిళలూ లేరు. మహిళల హక్కులు ఆఫ్ఘన్లు తమలో తాము తర్వాత మాట్లాడుకుంటారన్నారు. ఆ సెప్టెంబర్‌లో ఆ చర్చలు మొదలైతే ప్రభుత్వ బృందంలో నలుగురు మహిళలున్నారు, తాలిబాన్ వైపు ఒక్కరూ లేరు. అప్పటికే సైన్యాల ఉపసంహరణ తేదీలు ఖరారైపోయాయి, మహిళల చేతిలో బేరానికి ఏమీ మిగల్లేదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి చిక్కింది.

రాజకీయాల్లోకొచ్చే మహిళలకు బెదిరింపులు ఎక్కువంటారు. అది కూడా ప్రాతినిధ్యానికి సంబంధించిందేనా?

పూర్తిగా. అంతర పార్లమెంటరీ సమాఖ్య 2016లో 39 దేశాల నుంచి 55 మంది మహిళా ఎంపీలను అడిగితే 81.8 శాతం మంది మానసిక హింసకు గురయ్యామన్నారు. 44.4 శాతం మందికి చంపుతామనో, అత్యాచారం చేస్తామనో, కొడతామనో, ఎత్తుకుపోతామనో బెదిరింపులొచ్చాయి. బొలీవియాలో హువానా కిస్పే అనే కౌన్సిలర్‌ను రాజీనామా చెయ్యమని ఎంత వేధించినా ఆమె లొంగలేదు. 2012 మార్చిలో హత్యకు గురైంది. ఏళ్లుగా నానుతున్న బిల్లు అప్పుడు కదిలింది. రాజకీయాల్లో మహిళలపై వేధింపులను, హింసను ప్రత్యేక నేరంగా చూసే చట్టం ఆ మే నెలలో వచ్చింది. ఒక మహిళను భయపెట్టి మాన్పిస్తే, ఆమెను చూసి పోటీకి సిద్ధపడుతున్న మరో పదిమంది కూడా ఆగిపోతారు. వాళ్లు ఏ లెక్కలోనూ కనిపించరు.

ఏదైనా శాంతి ప్రక్రియలో మహిళలకు నిజంగా చోటిచ్చారా అని ఎలా తెలుసుకోవాలి?

ఫోటో చూసి నిర్ణయించకండి. ప్రతినిధి బృందాల జాబితా చూడండి, అందులో ప్రధాన ప్రతినిధులెవరో, సహాయకులెవరో చూడండి. భద్రత, భూమి, అధికార పంపిణీ మీద వేసిన ఉపసంఘాల్లో మహిళలున్నారా, లేక ‘సామాజిక అంశాల’ సంఘంలోనే ఉన్నారా అన్నది ముఖ్యం. చర్చాంశాల్లో వాళ్లు చేర్చినవి ఏవైనా ఉన్నాయా, ప్రయాణానికి, పిల్లల సంరక్షణకు, భద్రతకు డబ్బు కేటాయించారా, ఒప్పందం కుదిరాక అమలు చూసే కమిటీలో ఉన్నారా అని అడగండి. ఆఖరిది ఎక్కువమంది మర్చిపోతారు. చర్చలప్పుడు ఉన్నవాళ్లు అమలు కమిటీలో లేకపోవడం చాలా మామూలు.

చర్చల్లో సాధించుకోలేకపోతే ఇక అంతేనా?

అంతే కాదు, కానీ ఖరీదు ఎక్కువ. అంతర్యుద్ధం ముగించడానికి బురుండి చర్చలు టాంజానియాలోని అరూషాలో 1998లో మొదలైతే మహిళలను మొదట రానివ్వలేదు. ఎంతో పోరాడాక పరిశీలకులుగా రానిచ్చారు. 2000 జూలైలో అన్ని పార్టీల మహిళలు, యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన హుటూ, టుట్సీ జాతులవాళ్లు కలిసి సదస్సు పెట్టుకుని ఉమ్మడి డిమాండ్లు రాసి మధ్యవర్తి నెల్సన్ మండేలాకు ఇచ్చారు. వాటిలో సగానికి పైగా ఆగస్టు 28 నాటి ఒప్పందంలో చేరాయి. చట్టసభలో, ప్రభుత్వంలో 30 శాతం మహిళలకు అన్నది మాత్రం చేరలేదు. దాన్ని రాజ్యాంగంలోకి తెచ్చుకోవడానికి వాళ్లకు 2005 దాకా పట్టింది.